గోడ ఒప్పుకుంటేనే సొగసు!

తాతల నాటి ఇంటిని పడగొట్టకుండా బాగుచేయించుకుని అందులోనే ఉందామనుకునేవాళ్లకు వాల్ మోల్డింగ్ మీద మనసు పోవడం సహజం. ఏ ఇంటికి ఏది నప్పుతుంది, దేన్ని ఎలా బిగించాలి, అంతకంటే ముందు గోడను ఏమని అడగాలి?

ఇంటికి రంగులు వేయిద్దామని మొదలుపెడతాం. పెయింటర్ ఫోన్ తీసి నాలుగు ఫొటోలు చూపిస్తాడు. లేత బూడిదరంగు గోడలు, వాటిమీద చట్రాలు చట్రాలుగా సన్నటి పట్టీలు, గోడా పైకప్పూ కలిసేచోట ఒంపులు తిరిగిన కార్నిస్. ‘హాలుకి ఇలా కొట్టించేద్దాం సార్, నాలుగు రోజుల పని’ అంటాడు. సరేనంటాం. అన్నట్టే నాలుగు రోజుల్లో అయిపోతుంది. చుట్టాలొచ్చి మెచ్చుకుంటారు. ఆ తర్వాత వానాకాలం వస్తుంది. పట్టీ కింద రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. గోడమీద తెల్లగా ఉప్పు పూస్తుంది. మూలల్లో అతుకులు విచ్చుకుంటాయి. ఇంకో ఏడాది గడిచేసరికి పట్టీతోపాటు అరచేయంత పెచ్చు కూడా ఊడి కిందపడుతుంది.

నిన్న కట్టిన అపార్ట్‌మెంటులో చెల్లిన పని తొంభై ఏళ్ల సున్నపు గోడ దగ్గర చెల్లదు. అలాగని పాత ఇంటికి మోల్డింగ్ పెట్టించుకోకూడదని ఎవరూ అనరు. పద్ధతిగా చేయిస్తే ఎత్తయిన ఆ గోడలకు అంతకుమించిన అలంకారం లేదు. అయితే ఎంపిక మొదలవ్వాల్సింది గోడ దగ్గర. కేటలాగు వంతు ఆ తర్వాత.

కాపలా ఒకటి... నీడ ఒకటి

మోల్డింగ్ అంటే గోడమీద ఉబ్బెత్తుగా సాగే పట్టీ. దానికి రెండు పనులు. మొదటిది కాపలా. నేలా గోడా కలిసేచోట ఉండే స్కర్టింగ్ చీపురు దెబ్బల నుంచీ, తడిగుడ్డ నుంచీ గోడను కాస్తుంది. నడుమెత్తున అడ్డంగా వెళ్లే డాడో పట్టీ కుర్చీల వీపులు గోడకు ఒరుసుకోకుండా ఆపడానికి పుట్టింది. ఇంకా పైన ఉండే పిక్చర్ రైలుకు కొక్కేలు తగిలించి పటాలు వేలాడదీసేవారు. గోడకు మేకు కొట్టే అవసరమే ఉండేది కాదు. అన్నిటికన్నా పైనుండే కార్నిస్, గోడా కప్పూ కలిసేచోట వచ్చే పగులును కప్పేస్తుంది. గ్రీకు, రోమను స్తంభాల్లో పీఠం, కంబం, పైన దూలం అని ఉండే లెక్కనే ఐరోపా వాళ్లు ఇంటి గోడకు దించుకున్నారు. ఇంగ్లీషువాళ్ల బంగళాలతోపాటు ఆ లెక్క మన ఊళ్లకూ వచ్చింది.

రెండో పని నీడ. చదునైన గోడమీద వెలుతురు ఒకేలా పరుచుకుంటుంది. ఒక అంగుళం మందాన చిన్న ఒంపు తిప్పితే చాలు, అక్కడ వెలుగూ నీడా పక్కపక్కన నిలబడతాయి. మన స్థపతులకు ఈ సంగతి శతాబ్దాల కిందటే తెలుసు. ఏ పాత గుడికి వెళ్లినా గోడ అడుగున ఉండే అధిష్ఠానాన్ని చూడండి. కింద ఉపానం, దానిమీద జగతి, గుండ్రంగానో పలకలుగానో ఉబ్బిన కుముదం, లోపలికి నొక్కుకుపోయిన కంఠం, పైన చూరులా వంగిన కపోతం. కుముదం మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. కంఠం దగ్గర నీడ ఒక్కసారిగా చిక్కబడుతుంది. అంత బరువైన రాతిగోడ నేలమీద నుంచి తేలిగ్గా లేచినట్టు కనిపించడం ఆ గీతల చలవే.

మీ హాల్లో పెట్టే రెండంగుళాల పట్టీకీ ఇదే సూత్రం. గుండ్రటి ఒంపు మెత్తటి నీడనిస్తుంది, పదునైన మెట్టు గట్టి గీతనిస్తుంది. అందుకే బొమ్మ చూసి పట్టీ ఎంచుకోకండి. అడుగు పొడవు ముక్క తెప్పించి గోడకు ఆనించి, పగలు కిటికీ వెలుతురులో ఒకసారి, రాత్రి దీపం వెలుతురులో ఒకసారి చూడండి. షాపులో ఘనంగా కనిపించింది ఇంటికొచ్చేసరికి వెలవెలబోవచ్చు. అక్కడ సాదాగా ఉన్నదే ఇక్కడ నిండుగా ఉండొచ్చు.

మీ ఇల్లు ఏ కాలానిది?

పాత ఇళ్లన్నీ ఒకటి కావు. గోదావరి, కృష్ణా తీరాల మండువా లోగిళ్లు ఒక తీరు. అక్కడ అలంకారమంతా కర్రలో ఉంటుంది. టేకు స్తంభాలు, ద్వారబంధాల మీద లతలు, దూలాల చివర్ల చెక్కడం. వాటి పక్కన గోడ సాదాగా ఉంటేనే ఆ పనితనం కంటికి ఆనుతుంది. అలాంటి గోడమీద ఫ్రెంచి చట్రాలు కొట్టిస్తే రెండూ చెడతాయి. అక్కడ కావలసిందల్లా కింద రెండడుగుల మేర ముదురురంగు పట్టె, మహా అయితే దానిపైన వేలెడు వెడల్పున సాదా కర్ర పట్టీ. ఆ రంగు పట్టె మన ఊళ్ల పాత ఇళ్లకు అలవాటైనదే.

పంతొమ్మిదో శతాబ్దం చివర్నుంచి 1930ల దాకా కట్టిన బంగళాలు రెండో తీరు. సికింద్రాబాద్, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. పన్నెండు నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు గదులు, మూరెడు మందం గోడలు, తలుపుల మీద కమాను. స్కర్టింగ్, డాడో, పిక్చర్ రైలు, కార్నిస్ ఈ నాలుగూ కలిసి కొలువుదీరడానికి తగిన ఇళ్లు ఇవే. చాలా ఇళ్లలో ఇవి ముందే ఉంటాయి కూడా, వెల్ల పొరల కింద మూసుకుపోయి.

1930ల నుంచి 50ల దాకా ఆర్ట్ డెకో గాలి వీచిన రోజుల్లో కట్టినవి మూడో తీరు. గుండ్రం తిప్పిన మూలలు, మెట్లు మెట్లుగా దిగే అంచులు, బాల్కనీ చుట్టూ సమాంతరంగా సాగే మూడు గీతలు వీటి గుర్తులు. బయట మూడు గీతలున్న ఇంట్లోపల పూల కార్నిస్ పెడితే అతకదు. బల్లపరుపు పట్టీలనే దగ్గరదగ్గరగా మూడు వరసలు నడపండి, ఇల్లంతా ఒకే మాట మాట్లాడుతుంది.

ఇక నాలుగోది, ఇవాళ ఎక్కువమంది ‘పాత ఇల్లు’ అంటున్నది: 1970, 80, 90లలో కట్టిన డాబా. పదడుగుల స్లాబు, సిమెంటు గోడలు, గదిలో కిందికి దిగిన బీము, తలుపు మీద అటక. దీనికి బరువైన కార్నిస్ పెడితే కప్పు నెత్తిమీదికి వచ్చినట్టుంటుంది. సన్నటి చట్రాలు, మూడు నాలుగంగుళాలు దాటని కార్నిస్, గోడకూ పట్టీకీ ఒకే రంగు... ఈ మూడూ పాటిస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది.

ముందు గోడను తట్టి చూడండి

డెబ్భై, ఎనభై ఏళ్లు దాటిన ఇంటి గోడల్లో సాధారణంగా సిమెంటు ఉండదు. ఇటుకల మధ్య మట్టో సున్నమో, పైన గానుగలో నూరిన డంగు సున్నం పూత. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. నీళ్లు పోస్తే కుతకుతలాడి మెత్తబడుతుంది. దాన్ని ఇసుకతో, కరక్కాయ నీళ్లతో, బెల్లం నీళ్లతో నూరి గోడకు పూస్తారు. ఆ పూత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా తిరిగి పీల్చుకుని, నెలల తరబడి గట్టిపడుతూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది.

ఆ గోడల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల్లోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోని సన్నటి రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. ఎక్కినంతా పోతూ ఉన్నంతకాలం గోడకు ఏ బాధా లేదు. దానిమీద సిమెంటు పూసి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే చిక్కుకుని పైకి పాకుతుంది, మోసుకొచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. ఇది ఎక్కువగా బయటపడేది నేలనుంచి మూడడుగుల లోపు. సరిగ్గా మనం డాడో పట్టీ కొట్టించేది కూడా అక్కడే!

పెద్ద కట్టడాలు నేర్పిన పాఠమూ ఇదే. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణను 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టినప్పుడు, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరిట వేసిన సిమెంటును ఊడదీసి మళ్లీ సున్నపు పూత పూయించింది. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు నగిషీ ముక్క ఒకటి ఊడిపడినప్పుడు పురావస్తు శాఖ ఆశ్రయించిందీ సున్నాన్నే. 1591 నాటి కట్టడానికి సరిపడిన మందు మన తాతగారి ఇంటికీ సరిపడుతుంది.

పరీక్షలు మనమే చేసుకోవచ్చు. వేలి మెటికలతో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట మందంగా మోగుతుంది, పూత ఇటుకను వదిలేసినచోట డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్నచోటల్లా సుద్దతో సున్న చుట్టండి. తర్వాత అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు నీటిబిందువులు కడితే ఆ గోడ ఇంకా తడి కక్కుతోందని అర్థం. వీలైతే ఒక వానాకాలం చూసి మరీ పని మొదలుపెట్టండి.

చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోకుండా పైన నగిషీ పెట్టిస్తే పైన పటారం, లోన లొటారం. చాలాసార్లు కారణం చిన్నదే: పగిలిన వాననీటి గొట్టం, పక్కనున్న బాత్రూం, డాబామీద పేరుకున్న ఆకులు. మన పట్టణాల్లో ఇంకోటి ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే ఇల్లు ఇప్పుడు రోడ్డు కిందికి దిగిపోయి ఉంటుంది. వాననీళ్లు గోడ మొదట్లోనే నిలుస్తాయి. ముందు ఆ నీటికి దారి చూపించండి. పట్టీల సంగతి తర్వాత.

ఉన్న నగిషీని బయటికి తీయండి

బంగళా కాలపు ఇల్లయితే కొత్తది కొనేముందు నిచ్చెనేసుకుని పైకి చూడండి. ప్రతి సంక్రాంతికీ, ప్రతి పెళ్లికీ వేసిన వెల్ల పొరలు పొరలుగా పేరుకుని, పదునైన అంచులన్నీ మొద్దుబారి, పూలరేకులు ముద్దలైపోయి ఉంటాయి. ‘ఏదో గడ్డకట్టిన సున్నం’ అని గొడ్డలి వెనకతో కొట్టేయించినవాళ్లూ ఉన్నారు. ఆ ముద్ద కింద వందేళ్ల కిందటి పనివాడి చేతిగుర్తు ఉందని మరిచిపోవద్దు.

నీళ్లు చిలకరించి వెల్లను మెత్తబడనిచ్చి, వెదురు బద్దతోనో కర్రపుల్లతోనో పొర తర్వాత పొర తీయాలి. ఆసిడ్ వద్దు, అది వెల్లతోపాటు అసలు నగిషీనీ తినేస్తుంది. కరెంటు శాండర్ అసలే వద్దు. వెల్ల బదులు పాత ఎనామెల్ రంగు ఉంటే మరింత జాగ్రత్త కావాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకించండి, మాస్కు పెట్టుకోమనండి, పసిపిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదివైపు రానివ్వకండి.

మధ్యలో రెండడుగులు ఊడిపోయిన కార్నిస్‌ను తిరిగి నిలబెట్టే పద్ధతి చూసి తీరవలసింది. మిగిలి ఉన్న భాగంలో సన్నగా రంపంతో ఒక కోత కోసి, అందులో అట్టముక్క దూర్చి పెన్సిలుతో అంచు గీస్తారు. ఆ గీతను రేకు మీదికి ఎక్కించి కత్తిరిస్తే ఫర్మా తయారు. దాన్ని చెక్కకు బిగించి, గోడకు కొట్టిన కర్రపట్టీ మీద పట్టాలమీద బండిలా నడుపుతారు. ఒకడు తాపీతో సున్నం వేస్తూ ముందు వెళితే, రెండోవాడు ఫర్మాను ఒకే ఊపులో లాగుతాడు. మొదటిసారి గరుకుగా గట్టు మాత్రమే లేస్తుంది. అది కాస్త బిగిశాక మళ్లీ సున్నం, మళ్లీ లాగుడు. నాలుగైదుసార్లకు ఒంపులు కుదురుతాయి. చివరి పొరకు వెన్నలాంటి మెత్తటి సున్నం వాడతారు. ఫర్మా మధ్యలో ఆగితే అక్కడ గంటు పడుతుంది, కాబట్టి గోడ ఆ చివరిదాకా చెయ్యి ఆగదు. మూలల్లో ఫర్మా తిరగదు. అక్కడ మిగిలిన జానెడు మేర చిన్న తాపీతో, కంటి అంచనాతో చేత్తోనే దిద్దాలి. పనివాడి అసలు సత్తా తేలేది అక్కడే.

హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశీకుల సమాధులకు వెళితే సున్నంతో మనిషి చెయ్యి ఏంచేయగలదో తెలుస్తుంది. ఆ జాలీలూ, తీగలూ, పండ్లగుత్తులూ చూసొచ్చాక మీ ఇంటి కార్నిస్‌ను చూసే చూపే మారుతుంది.

ఏ సరుకు ఎక్కడ?

సున్నం: సున్నపు గోడకు సున్నపు మోల్డింగే సొంత చుట్టం. గోడతోపాటే తడినీ ఆవిరినీ పంచుకుంటుంది. ఖర్చూ ఎక్కువే, ఓపికా కావాలి, తెలిసిన మేస్త్రి దొరకాలి. ఉన్న కార్నిస్‌ను అతికించాలంటే మాత్రం దీనికి ప్రత్యామ్నాయం చూడొద్దు.

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్): జిప్సాన్ని సుమారు 150 డిగ్రీలకు వేడిచేస్తే అందులోని నీటిలో ముప్పావువంతు పోయి మిగిలే పొడి ఇది. నీళ్లు కలిపిన అరగంటలోపే గట్టిపడుతుంది. పారిస్‌లో మోమార్త్ర్ కొండ దగ్గర జిప్సం గనులుండటం వల్ల ఆ ఊరి పేరు దీనికి స్థిరపడింది. పొడిగా ఉండే గదిలో, కప్పు దగ్గర కార్నిస్‌కు, పూల అచ్చులకు ఇది చవకైన మంచి సరుకు. పోతపోసేటప్పుడు మధ్యలో కొబ్బరి పీచు వేశారో లేదో చూసుకోండి, పీచు లేనిది చిన్న దెబ్బకే విరుగుతుంది. తడి అంటే మాత్రం దీనికి పడదు. జిప్సం నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది కూడా. చెమ్మ గోడకు, డాడో ఎత్తులో, బాత్రూం పక్కన దీన్ని పెట్టించకండి.

కర్ర: డాడోకూ, స్కర్టింగ్‌కూ, తలుపుల చుట్టూ బీడింగ్‌కూ టేకుకు సాటి లేదు. పాత ఇంట్లో పాత తలుపో, విరిగిన మంచమో ఉంటే దాని చెక్కనే చిత్రిక పట్టించి వాడుకోండి. దశాబ్దాలుగా ఎండిన చెక్క అంత తేలిగ్గా వంకర తిరగదు. కర్రపీచును అదిమి చేసే ఎండీఎఫ్ పట్టీలు నున్నగా ఉంటాయి, రంగు బాగా పడుతుంది. కానీ తడి తగిలితే ఉబ్బి పువ్వులా విచ్చుకుంటాయి. చెదలున్న ఇంట్లో ఏ కర్రయినా ముందు చెదలమందు కొట్టించాకే.

పీయూ: పాలీయురేథేన్ పట్టీలు తేలిక, నీరు పీల్చవు, చెద పట్టదు, అచ్చు పదునుగా ఉంటుంది. సాధారణంగా ఎనిమిదడుగుల ముక్కలుగా వస్తాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, సిమెంటు గోడల డాబాల్లో వీటిని నిశ్చింతగా వాడొచ్చు. పీవీసీ ఇంకా చవక, అంచుల్లో ఆ పదును ఉండదు.

థర్మోకోల్: అన్నిటికన్నా చవక. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, నిప్పంటుకుంటే దట్టమైన పొగతో కరిగి కారుతుంది. దీపం వెలిగే పూజగదిలో, పొయ్యి ఉండే వంటగదిలో దీనికి చోటు లేదు.

తేలికైన సరుకుతో నగిషీ చేయడం ఇవాళ్టి మాట కాదు. హైదరాబాద్ కోఠీలో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ దర్బారు హాలు కప్పుకు కాగితపు గుజ్జుతో చేసిన అలంకారం ఉంది. సరుకు చవకా ఖరీదా అన్నదానికన్నా, పెట్టినచోట అది తట్టుకుంటుందా అన్నదే లెక్క.

కొలతలోనే అందం

మోల్డింగ్ చీరకు అంచులాంటిది. ఎంత ఖరీదైన జరీ అయినా కొలత మించితే చీరను మింగేస్తుంది. పదడుగుల గదికి మూడు నాలుగంగుళాల కార్నిస్ చాలు. పద్నాలుగు అడుగుల గదికి ఎనిమిది నుంచి పది అంగుళాలదైనా ఒప్పుతుంది. డాడో పట్టీ గోడ ఎత్తులో మూడోవంతుకు కాస్త కిందుండాలి. పదడుగుల గదిలో 32 నుంచి 36 అంగుళాలు బాగుంటుంది. కిటికీ గూడు అడుగంచు దగ్గర్లో ఉంటే దానికే కలిపేయండి, కంటికి అడ్డుపడదు. సరిగ్గా సగం ఎత్తులో పెడితే గోడ రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది.

చట్రాలకు లెక్క సులువే. చట్రాల వెడల్పు గోడకో రకంగా ఉన్నా ఫరవాలేదు, చట్రాల మధ్య ఖాళీలు మాత్రం ఇల్లంతా ఒకటే ఉండాలి. పద్నాలుగు అడుగుల గోడ, అంటే 168 అంగుళాలు. నాలుగు చట్రాలు కావాలి, ఖాళీ నాలుగంగుళాలు అనుకుందాం. నాలుగు చట్రాలకు ఐదు ఖాళీలు, 20 అంగుళాలు. మిగిలిన 148ని నాలుగుతో భాగిస్తే ఒక్కో చట్రం 37 అంగుళాలు. ఇది కాగితం మీద లెక్క. ఆ కొలతలతో పెయింటర్ల టేపును గోడకు అంటించి రెండు రోజులు చూడండి. స్విచ్‌బోర్డు చట్రం గీతమీద పడుతోందా? ఏసీ పైపు ఎటు దిగుతుంది? టీవీ, గడియారం, దేవుడి పటం ఎక్కడ? తేడా వస్తే టేపు పీకి మళ్లీ అంటించుకోవచ్చు. పట్టీ కొట్టాక ఆ వీలుండదు.

పాత ఇళ్లలో కర్ర కేసింగ్‌లో నడిచిన వైరింగ్ ఇంకా ఉంటే, మార్పించాల్సింది మోల్డింగ్‌కు ముందే. అందమైన గోడను మళ్లీ తవ్వించుకోవడం కన్నా దుబారా లేదు.

బిగించే రోజు

పాత ఇంట్లో మూలమట్టం పెట్టి చూస్తే తొంభై డిగ్రీల మూల ఒక్కటీ ఉండదు. కప్పు ఓ పక్కకు అంగుళం దిగి ఉంటుంది. గోడకు కడుపు ఉంటుంది. దీనికి కంగారుపడొద్దు, సర్దుబాటు తెలిస్తే చాలు. డాడో పట్టీని నీళ్ల పైపుతో మట్టం చూసి తిన్నగా కొట్టించండి. కార్నిస్‌ను మాత్రం కప్పు ఎటు పోతే అటే పోనివ్వండి. తిన్నటి గీతకూ, వాలిన కప్పుకూ మధ్య మూడు నాలుగడుగుల గోడ ఉంటే ఆ తేడా ఎవరికంటా పడదు. రెంటినీ దగ్గరగా తెచ్చారో, గుమ్మంలోనే పట్టిస్తుంది.

కర్ర పట్టీలు కొనుక్కొచ్చిన రోజే కొట్టించకండి. వారం రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టండి. గదిలో గాలికి అలవాటు పడి, సాగాల్సింది సాగి, కుంచించుకోవాల్సింది కుంచించుకుంటుంది. ముందూ వెనకా, కోసిన చివర్లకూ ప్రైమర్ కొట్టాకే గోడెక్కాలి. వెనకవైపు ఎవరికీ కనబడదని వదిలేస్తే తడి పీల్చేది ఆ వైపునుంచే.

జిగురు విషయంలో జాగ్రత్త. వెల్ల వేసిన గోడకు ఎంత గట్టి జిగురు రాసినా లాభం లేదు. జిగురు వెల్లను పట్టుకుంటుంది, వెల్ల గోడను వదిలేస్తుంది. పట్టీ వచ్చే గీత మేర వెల్లనూ రంగునూ గీకి, అసలు పూత కనబడ్డాక దుమ్ము తుడిచి అప్పుడు అంటించాలి. పీయూ లాంటి తేలిక సరుకుకు జిగురుతోపాటు అక్కడక్కడా స్క్రూ చాలు. కర్రకు మాత్రం అడుగున్నర నుంచి రెండడుగులకో స్క్రూ పడాలి, అదీ ఇటుకలోకి దిగాలి. ఇటుకల మధ్య సున్నపు సందులో దిగిన స్క్రూ నాలుగు రోజుల్లో వదులవుతుంది. డ్రిల్లు మొదట మెల్లగా, కొట్టుడు లేకుండా తిరగాలి. పూత దాటాకే జోరు పెంచాలి, లేకపోతే చుట్టుపక్కల పెచ్చంతా ఒక్కసారే ఊడుతుంది. తీరప్రాంత ఊళ్లలో ఇనుప మేకులు వద్దు. తుప్పు మరక ఎన్ని రంగులేసినా పైకి వస్తుంది. ఇత్తడివి గానీ, స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడించండి.

పనితనం తెలిసేది మూలల దగ్గర. చట్రం మూలను రెండువైపులా నలభై అయిదు డిగ్రీలకు కోసి కలుపుతారు. చట్రం చదరంగా వచ్చిందో లేదో తెలియాలంటే ఐమూలగా రెండు కొలతలు తీయండి, రెండూ ఒకటైతే సరిగ్గా ఉన్నట్టే. గది మూలల్లో ఈ ఉపాయం పారదు, ఎందుకంటే అక్కడ మూలే తొంభై కాదు. అక్కడ ఒక పట్టీని మూలదాకా తిన్నగా పోనిచ్చి, రెండోదాని చివరను మొదటిదాని ఒంపుల ప్రకారం సన్నరంపంతో కోసి ఆనించాలి. మూల ఎంత వంకరైనా ఆ అతుకు విచ్చుకోదు. కార్నిస్ వెనక సందు మిగిలితే సీలెంటుతో మూసేయండి, లేకపోతే బల్లులకూ చీమలకూ అదే కాపురం అవుతుంది.

ఆఖరున రంగు. సున్నపు గోడకు సున్నమో, ఊపిరాడే మినరల్ పెయింటో వేయించండి. కర్ర పట్టీకి ఏ రంగైనా ఫరవాలేదు. కొత్తగా పూసిన సున్నం మీద ప్లాస్టిక్ రంగు వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేముందు

• సున్నం పని చేసిన ఇల్లు ఏదైనా చూపించగలడా? ఒక వానాకాలం దాటిన పనినే చూడండి.
• రేటు రన్నింగ్ ఫుట్టు లెక్కనా? మూలల కోత, లప్పం, ప్రైమర్, రంగు అందులో కలిసినట్టేనా?
• పాత పూతలో డొల్ల బయటపడితే దాని మరమ్మతు ఎవరి ఖాతాలో?
• ముందుగా ఒక్క గోడ చేసి చూపిస్తాడా? ఒప్పుకోకపోతే మరొకర్ని చూసుకోవడం మేలు.
• పదిశాతం సరుకు అదనంగా కొన్నారా? మిగిలిన ముక్కల్ని పారేయకండి, రేపు మరమ్మతుకు అదే అచ్చు మళ్లీ దొరక్కపోవచ్చు.

చివరగా ఒక్క మాట

ఏది పెట్టించినా, రేపు తీయాలనుకుంటే గోడకు గాయం కాకుండా తీయగలిగేట్టు పెట్టించండి. మన అభిరుచి మన పిల్లలకు నచ్చకపోవచ్చు, గోడ మాత్రం వాళ్లకు పనికొస్తుంది. ఉన్న నగిషీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టేయకండి. పోయిన పీఓపీ పట్టీ మళ్లీ పోతపోసుకోవచ్చు. చేత్తో దిద్దిన సున్నపు పువ్వు పోతే, దాన్ని తిరిగి దిద్దే చెయ్యి దొరకడం రోజురోజుకూ కష్టమవుతోంది. ఆ చేతులు మిగలాలంటే వాటికి పని ఉండాలి. కోటలూ మినార్లూ మాత్రమే ఆ పనివాళ్లను పోషించలేవు, మామూలు ఇళ్లూ పిలవాలి. మీ ఇంట్లో పాత గోడ ఉంటే ఈ ఆదివారం ఒక్కసారి తట్టి చూడండి. బాగుచేయాల్సినది ఉంటే సున్నం తెలిసిన మేస్త్రిని వెతికి పిలిపించండి. ఆ తర్వాతే కేటలాగు తెరవండి.